కోయాల్సిన గిటార్ మీద మా బావ సంతకమా?

అందరికీ నమస్కారం.

ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డవాళ్ళున్నారు. జిగురు గదివాళ్ళు, పాలిష్ గదివాళ్ళు, గిటార్లు అమ్మే షాపులవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు, పాటలు నేర్పే టీచర్లు, ఎప్పుడో కొనుక్కున్న గిటార్‌ను ఇవాళ కూడా భుజాన తగిలించుకుని వచ్చినవాళ్ళు. మా బావ పోయాడని తెలిసి, చేతిలో పని వదిలేసి వచ్చారు. మా అక్క తరఫున మీ అందరికీ దండం పెడుతున్నాను.

నన్ను తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పోయినాయన మా అక్క మొగుడు. నేను ఆయన మరదలిని. ఆయన కార్ఖానాలో తీగలు బిగించే బల్ల దగ్గర కూర్చున్నాను, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాను. నాకు మర్యాదగా మాట్లాడటం అంత బాగా రాదు. కంపెనీవారు ఆ సంగతి కనిపెట్టి, నా ప్రసంగం వాళ్ళే రాసి ఇచ్చారు. అందులో పేరా పేరాకీ "లెగసీ" అని ఉంది. ఆ కాగితం అదిగో, టీ గ్లాసు కింద ఉంది. బల్ల పాడవకుండా బాగానే పనికొచ్చింది.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయాలి. నా వెనక ఉన్న ఈ బ్యానర్ చూడండి. దాని మీద కంపెనీ పేరు. ఆ పేరు చుట్టూ నల్ల రిబ్బను. ఎవరికి వచ్చిందో ఈ ఆలోచన, మహానుభావుడు! అయ్యా, ముందు వరసలో సూట్లు వేసుకుని కూర్చున్న పెద్దలారా, ఆ పేరు ఎవరిదో మీకు ఎవరూ చెప్పలేదా? అది మా అక్క పేరు. మా బావ మొదటి గిటార్ చేసి, దాని తల మీద పెళ్ళాం పేరు చెక్కుకున్నాడు. ఆ పేరే తర్వాత బోర్డుకెక్కింది, అట్టపెట్టెలకెక్కింది, చివరికి మీ చేతికొచ్చింది. మా అక్క ఇదిగో, ఈ కుర్చీలో, నిక్షేపంలా బతికి ఉంది. బతికున్న మనిషి పేరుకు నల్ల రిబ్బను చుట్టారు మీరు. పోయింది మొగుడు నాయనా, పెళ్ళాం కాదు! ఎవరైనా వచ్చి దీన్ని దించండి. ఆ, అలాగే. మడతపెట్టి వాళ్ళకే ఇచ్చేయండి. పాపం, ఖర్చుపెట్టి వేయించుకున్నారు.

ఇప్పుడు మా బావ గురించి మాట్లాడుకుందాం.

మా బావ దేవుడేమీ కాదు. ముక్కుమీద కోపం. పొగిడితే నమ్మడు, తిడితే మర్చిపోడు. కార్ఖానాలో ఆడవాళ్ళం వాడే బాత్రూం తలుపుకు గడియ లేదు మొర్రో అని ఎన్నేళ్ళు మొత్తుకున్నా "చూద్దాంలే మరదలా" అనేవాడు. చూసింది లేదు, పెట్టించింది లేదు. కానీ ఒక్క విషయంలో ఆయనకి వంక పెట్టడానికి వీల్లేదు. చెడిన గిటార్ ఆయన గడప దాటేది కాదు.

మా కార్ఖానాలో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. గిటార్ పూర్తయ్యాక ఆయన చేతికి వెళ్ళేది. తట్టేవాడు, మీటేవాడు, చెవి ఆనించి వినేవాడు. నచ్చకపోతే పెన్సిల్ తీసి, ఆ గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, లోపల చెక్క మీద ఇంటూ మార్కు పెట్టేవాడు. ఇంటూ పడిందంటే ఇక అంతే. వారం చివర్లో కరెంటు రంపం దగ్గరికి అందరం వెళ్ళేవాళ్ళం. గిటార్‌ను నడిమికి కోసేసేవాడు. ఎవరి చేతిలో ఆ తప్పు జరిగిందో వాళ్ళే రెండోవైపు పట్టుకోవాలి. అదీ ఆయన పద్ధతి. తిట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. పట్టుకోమనేవాడు. నేనూ పట్టుకున్నాను. రంపం దిగుతుంటే ఆ అదురు మోచేతుల దాకా వస్తుంది. ఆ అదురు ఎరిగినవాడు మళ్ళీ ఆ తప్పు చేయడు.

ఒకసారి ఒక గాయకుడు తన గిటార్ కోసం వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. పెద్ద పేరున్నవాడు. ఆ గిటార్ మొదలుపెట్టిందీ ముగించిందీ బావే, ఇంకెవరూ చెయ్యి వేయలేదు. తీగలు నేను బిగించాను. నా చెవికి బ్రహ్మాండంగా ఉంది. బావ మీటాడు, మళ్ళీ మీటాడు, మొహం మాడిపోయింది. పెన్సిల్ తీశాడు. వాకిట్లో మనిషి కూర్చుని ఉన్నాడు బావా, వదిలెయ్యి, అతనికి తెలియదు అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "అతనికి తెలియకపోవచ్చు. ఇది బయటికెళ్ళి అబద్ధమాడితే నా పేరుతో ఆడదు, మీ అక్క పేరుతో ఆడుతుంది." ఆ గాయకుడినే లోపలికి పిలిచాడు. తప్పు తనది కాబట్టి రెండోవైపు తనే పట్టుకున్నాడు, రంపం పాలిష్ మేస్త్రి నడిపాడు. గాయకుడు నోరు తెరుచుకుని చూశాడు. కోప్పడి వెళ్ళిపోతాడనుకున్నాం. ఇంకోటి చేసేదాకా ఆగి, అదే పట్టుకెళ్ళాడు.

అలాంటి మనిషి కంపెనీని ఎందుకు అమ్మాడు? మీలో చాలామంది ఈ ప్రశ్న గొంతులోనే పెట్టుకుని కూర్చున్నారు. నేనే అడుగుతాను. అమ్మింది ఎవరు? ఆయనే. ఎవరైనా మెడ మీద కత్తి పెట్టారా? లేదు. చేతులు వణకడం మొదలైంది. కూతురు పళ్ళ డాక్టరు, చెక్కపొడి కనిపిస్తే చాలు తుమ్ములు ఆగవు. నా తర్వాత ఇంతమంది ఏమైపోతారు అని కుమిలిపోయాడు. అప్పుడు వచ్చారు ఈ పెద్దలు. మా అక్క చేతి టీ తాగి, గ్లాసు కింద పెడుతూ, "ఏమీ మారదండీ" అన్నారు. ఎంత తీపిగా అన్నారంటే, టీలో చక్కెర ఎక్కువైందేమో అనిపించింది.

కంపెనీ చేతులు మారితే మేలు జరగలేదా? జరిగింది. ఉన్నమాట చెప్పుకుందాం. దుమ్ము పీల్చే ఫ్యాన్లు పెట్టించారు, జిగురు గదివాళ్ళ దగ్గు తగ్గింది. జీతాలు వేళకు వచ్చాయి. మా పేరు వినని ఊళ్ళల్లో కూడా మా గిటార్లు దొరికాయి. బాత్రూం తలుపుకు గడియ కూడా వచ్చింది! ఆ గడియ పెట్టించినవాళ్ళకు నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను. వెటకారం కాదు, నిజంగానే. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. గడియ పెట్టించేంత బుద్ధి ఉన్నవాళ్ళు రంపం ఎందుకు ఆపారయ్యా?

ఎందుకంటే, కోయడం నష్టమట. లెక్కల మనిషి ఒకాయన వచ్చి, ముక్కలైన గిటార్ల కుప్ప చూసి, ముక్కు మీద వేలేసుకున్నాడు. మర్నాటికల్లా రంపం గదికి కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు పెట్టారు. బావకి ఒక కార్డు ఇచ్చారు, అద్దాల గది ఇచ్చారు, చక్రాల కుర్చీ ఇచ్చారు, "ప్రధాన శిల్పి" అని బిరుదు ఇచ్చారు. ఆ కార్డుతో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. క్యాంటీన్ తెరుచుకుంటుంది, మీటింగు హాలు తెరుచుకుంటుంది. రంపం గది తెరుచుకోదు! ఆయన పాపం కార్డు అటు తిప్పి ఇటు తిప్పి గీస్తూ నిలబడేవాడు. చూసి మేం నవ్వలేక, ఏడవలేక చచ్చేవాళ్ళం. ఆయన మాత్రం అద్దాల గదిలో కూర్చుని గిటార్లు వింటూనే ఉన్నాడు. నచ్చనివాటికి ఇంటూ పెడుతూనే ఉన్నాడు. అవి ఎటు పోతున్నాయో మాకు ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ కోసిన ముక్కల కుప్ప ఏమైందో వినండి. వినితీరాలి. పెద్దాఫీసుకు కొత్త భవనం కట్టి, ప్రారంభానికి బావనీ మమ్మల్నీ పిలిచారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా పెద్ద గోడ. గోడ నిండా దీపాలు పెట్టి, మా బావ కోసిన గిటార్ ముక్కలు వరసగా తగిలించారు! కింద ఇత్తడి అక్షరాలు: "మా పనితనం". అమ్మకూడదని ఆయన కోసి పారేసినవాటిని తెచ్చి గుమ్మంలో పెట్టుకుని దండాలు పెడుతున్నారు. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకెవరైనా చేయగలరా? ఫొటోలు తీసుకున్నారు కూడా. బావ గోడ ముందు నిలబడి ఒక్కో ముక్కనూ గుర్తుపట్టాడు. దీని మెడ వంకర, దీని జిగురు పచ్చిది, ఇదేమో నీ నిర్వాకం మరదలా అన్నాడు. తర్వాత నా చెవిలో, "నా తప్పులన్నీ ఏరుకొచ్చి దీపం పెట్టారే" అన్నాడు. పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఆ అద్దాల గదికి మళ్ళీ వెళ్ళలేదు.

నేను మీకు అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. ఇది ఒక సంగీతం టీచరమ్మ సంగతి. ఆవిడ కూడా ఈ సభలోనే ఉంది, తప్పయితే నిలబడి దిద్దవచ్చు.

ఆవిడ మా అక్క పేరు నమ్మి కొత్త గిటార్ కొంది. ఏడాది తిరక్కుండానే మెడ వంగింది, తీగ నొక్కితే గరగరమంటోంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక నంబరు నొక్కమన్నారట, ఇంకో నంబరు నొక్కమన్నారట. విసుగెత్తి సరాసరి బావ ఇంటికొచ్చింది. బావ భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, తీగలు విప్పి, లైటు వేసి, రంధ్రంలోకి తొంగి చూశాడు. లోపల ఇంటూ మార్కు ఉంది. ఆయన చేత్తో పెట్టిన ఇంటూ. వణికిన గీత. కోయమని ఆయన పక్కన పెట్టిన గిటార్‌ను వీళ్ళు మెరుగుపెట్టి, చవక రకం అని ఒక స్టిక్కరు అంటించి, మా అక్క పేరుతో అమ్ముకున్నారు! మా బావ అబద్ధమాడే గిటార్ పట్టుకుని దొంగలా తలవంచుకున్నాడు, ఆ టీచరమ్మ ముందు. చేసింది వీళ్ళు, సిగ్గుపడింది ఆయన. ఇది నేను జన్మలో క్షమించను.

బాగుచేసిస్తానని మాటిచ్చాడు. ఎలా తెలిసిందో, కంపెనీ మనిషి ఒకడు తయారయ్యాడు. మా బ్రాండు పేరున్న గిటార్‌ను ఇంట్లో రిపేరు చేయడానికి వీల్లేదన్నాడు. చేసినాయనకే చెబుతున్నాడు! బావ శాంతంగా, "పేరు లేకపోతే?" అన్నాడు. పేరు లేకపోతే మాకు సంబంధం లేదన్నాడు వాడు. టీచరమ్మ సరేనంది. ఆ సాయంత్రం బావ బ్లేడు తీసుకుని గిటార్ తల మీద అక్షరాలు గీకడం మొదలుపెట్టాడు. చేతులు వణుకుతుంటే మా అక్క గిటార్ కదలకుండా పట్టుకుంది. "నీ పేరే చెరుపుతున్నాను, ఏమీ అనుకోకు" అన్నాడు. మా అక్క, "చెరపండి, నాకూ హాయిగా ఉంటుంది" అంది. ఆ మాట అన్నాక ఇద్దరూ ఏడ్చారు. నేను అక్కడే ఉన్నాను, నేనూ ఏడ్చాను.

ఇక ఇవాళ్టి సంగతి. నా తర్వాత కంపెనీ పెద్దలు ఈ మైకు దగ్గరికి వచ్చి ఒక ప్రకటన చేయబోతున్నారు. ఆ సంబరం నేను ముందే చెప్పేస్తాను. బావ స్మారకంగా ఒక కొత్త రకం గిటార్ తెస్తారట. లోపల, ఆ గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే కనబడేలా, ఆయన సంతకం అచ్చువేస్తారట. అర్థమవుతోందా? ఆయన ఇంటూ పెట్టే చోట, ఆయన సంతకం! పొద్దున్నే ఇంటికొచ్చి మా అక్కను ఒప్పుకోమన్నారు. నివాళి అన్నారు, గౌరవం అన్నారు. మా అక్క అంతా విని ఒకటే అడిగింది. "చెడినవాటిని కోస్తారా?" కమిటీలో పెడతాం అన్నారు. మనిషి పోయి పదిరోజులు కాలేదు, భార్య అడిగిన మాటకు కమిటీ అట! థూ.

అయ్యా, మా అక్కకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. అందుకే జవాబు నన్ను చెప్పమంది. వినండి. పేరు అమ్మాం. అది మీ కాగితాల్లో ఉంది, దాన్ని ఏం చేసుకుంటారో మీ ఖర్మ. సంతకం అమ్మలేదు. అది మీ కాగితాల్లో ఎక్కడా లేదు, పళ్ళ డాక్టరైన వాళ్ళ కూతురు లాయరు దగ్గర కూర్చుని వెతికించింది. ఇవ్వం. ఇవాళ ఇవ్వం, రేపు ఇవ్వం, కమిటీ తేల్చాక కూడా ఇవ్వం. మీ ప్రకటన జేబులో పెట్టుకుని, టీ తాగి వెళ్ళండి.

అమ్మలారా, అయ్యలారా, ఇక మౌనం. వాచీలు చూసుకుని నిలబడే మౌనం మాకు అలవాటు లేదు. కొత్త గిటార్‌కు మొదటి తీగ బిగించాక బావ మిషన్లన్నీ ఆపించి ఒక్కసారి మీటేవాడు. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ఎవరూ కదిలేవాళ్ళం కాదు. ఎప్పుడు ఆగిందో ఆయనే చెప్పేవాడు. ఇవాళ చెప్పడానికి ఆయన లేడు. మా అక్క నిలబడుతుంది. ఆవిడ కూర్చున్నాకే మనం కూర్చుందాం. ముందు వరసవారికి ఇప్పుడే చెబుతున్నాను, ఆవిడ అంత తొందరగా కూర్చోదు.

లే అక్కా. అందరూ లేవండి.