సిచోనె దాచుకున్న గంటలు

టుండుమా సరిహద్దు గేటు పక్కనే నన్యాంగ్వే టీ కొట్టు. గేటుకి ఇటు టాంజానియా, అటు జాంబియా వాళ్ళ నకొండె. నకొండె పిల్ల మీద దర్జీ సియామె మనసుపడ్డాడు. అతని తరఫున సంబంధం మాట్లాడే పెద్దమనిషి సిచోనె. ఇవాళ నాలుగింటికి పెద్దమనిషి గడప తొక్కకపోతే పిల్లని ఓ లారీ యజమానికిచ్చేస్తానని తండ్రి తెగేసి చెప్పాడు. అలాంటిది, సిచోనె కొట్లో బల్లమీద తీరిగ్గా కూర్చుని కనిపించేసరికి సియామె గాభరాగా లోపలికొచ్చాడు.

"కూర్చోరా అబ్బాయ్. అక్కా, నాకింకో టీ, రెండు మందాజీ బూరెలు. నకొండె వెళ్ళొచ్చేశా. మాటలైపోయాయి."

"అప్పుడేనా బాబాయ్? నాలుగింటికి కదా రమ్మంది?"

"ఆ నాలుగు దగ్గరే ఉంది కిటుకంతా. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకుని మనం పదకొండంటామా, గేటు దాటితే అదే వేళ వాళ్ళకి నాలుగు. వాళ్ళ గడియారం మనకన్నా గంట వెనక. ఇక్కడ పెద్దమ్మ ఇంట్లో ఉగాలి తిని అవతలకెళ్తే, చిన్నమ్మ అప్పుడే న్షిమా వండుతుంటుంది. అదే మొక్కజొన్న ముద్ద, పేరే వేరు. రెండుపూటలా రెండేసి భోజనాలు, నాకీ పొట్ట ఊరికే వచ్చిందా? సరే, గేటు దాటానా, గంట కలిసొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వచ్చేటప్పుడు ఆ గంట తిరిగిచ్చేయాలి. అందరూ ఇచ్చేస్తారు, వెర్రిబాగులోళ్ళు. నేను మాత్రం మొక్కజొన్న చేలోంచి వచ్చా. ఆ దార్లో గడియారం ఏదీ, అడిగేవాడేడీ? గంట నాకే మిగిలింది. మళ్ళీ గేటు, మళ్ళీ చేను. జనం పంచదార దాటిస్తారు, నేను గంటలు దాటించా."

"నాకో వారం అప్పివ్వు అన్నా," అన్నాడు లారీ డ్రైవర్ మ్వాయిపోపో. "గేటు దగ్గర వరసలో నా బండి వేళ్ళూనుకుపోయింది."

"ముందే చెప్పాలి తమ్ముడూ, అన్నీ వాడేశా. గంటలన్నీ వేసుకుని సైకిలెక్కితే ఎక్కడికెళ్ళానో తెలుసా? నిన్నట్లోకి. అక్కా, బల్లకింద ఈ కోడెవరిది, నా కాలు పొడిచేస్తోంది."

"కోడి సంగతి తర్వాత. నిన్నట్లో ఆగావా?" అంది నన్యాంగ్వే.

"బ్రేకులుంటేగా ఆగడానికి. మొన్న దాటింది, పోయినేడు వానలు దాటాయి, చొక్కా తడిసిపోయింది. చివరికి ఓ వాకిట్లో పడ్డా. నూనూగు మీసాల కుర్రాడు తలొంచుకుని నిలబడ్డాడు. ఎవరనుకున్నారు? ఈ పిల్ల తండ్రే. అప్పుడతనే పెళ్ళికొడుకు. కాబోయే మామ పొమ్మంటున్నాడు. నేను ఒక్క మాట చెప్పా, ఆ మామ దిగొచ్చాడు. అంటే ఆ పిల్ల పుట్టడం నా చలవేగా? ఇవాళ నా మాట కాదనే దమ్ముందా అతనికి? సియామె పేరెత్తగానే సరేనన్నాడు. కోడి కూడా కోశారు."

"ఎలాంటి కోడి?"

సిచోనె ఒక్క క్షణం కిందకి చూశాడు. "ఎర్రది అక్కా. మెడమీద ఈకల్లేవు. తొడ నాకే వేశారు."

నన్యాంగ్వే వంగి బల్లకింద తాడు పట్టి లాగింది. ఎర్రకోడి. మెడమీద ఈకల్లేవు.

"పిల్ల తల్లి పొద్దున్నే నా దగ్గర కొని, అటు వెళ్ళేవాళ్ళతో పంపమని చెప్పి వెళ్ళింది. ఇవాళొచ్చే పెద్దమనిషికి వండాలిట."

మ్వాయిపోపో నవ్వబోయి, సియామె మొహం చూసి ఆగిపోయాడు.

"అసలు వెళ్ళనేలేదా బాబాయ్?" అన్నాడు సియామె. "నిన్ను నమ్ముకున్నానే."

సిచోనె మందాజీ కింద పెట్టాడు. "గేటు దాకా వెళ్ళానురా. ఆ పిల్ల తండ్రి నోటి దురుసు తలుచుకుని వెనక్కి తిరిగా. ఇలా కూలబడిపోయా."

"ఇప్పుడెలా? అంతా అయిపోయింది," అన్నాడు సియామె.

"ఏం కాలేదు. గేటు అవతల ఇంకా నాలుగు కొట్టలేదు," అంది నన్యాంగ్వే. కోడి తాడు సిచోనె చేతిలో పెట్టింది. "నువ్వు తిన్న కోడి ఇంకా నడుస్తూనే ఉంది. దాంతో పాటు నువ్వూ నడు."