ఉత్తరం గోడ మంచం

మార్చి ముప్పై ఒకటి, ఉగాది మర్నాడు. మిగిలిన పులిహోర తిని, మంగళగిరిలో మా అమ్మాయి సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో, వడ్రంగి ఆ రోజే నాకోసం హాల్లో బిగించిన మడత మంచాన్ని గోడమీంచి దించాం.

"పడుకో నాన్నా. పగలు మడిచేస్తే హాలంతా పాప ఆటకే."

"బాగుందమ్మా. కానీ తల ఉత్తరానికి వస్తోంది."

"అయ్యో! ఆర్నెల్లు ఈ మంచానికి ప్లాన్లు గీసి గీసి దిక్కే చూసుకోలేదు. పోనీ, దిండు ఇటు పెట్టుకో."

"అప్పుడు కాళ్ళు దేవుడి అరకేసి ఉంటాయి."

"నన్నేం చెయ్యమంటావు? ఓ గోడకి కిటికీ, ఓ గోడకి వంటగట్టు. మిగిలింది పాప ఉయ్యాల మూల. పీకేస్తా!"

"వద్దు, దాని ప్రాణమంతా అందులోనే. నేనే రేపు కనిగిరి వెళ్ళిపోతాలే."

"అమ్మ పోయాక నువ్వు ఒంటరిగా ఉండకూడదనేగా ఇదంతా!"

"ఏడవకే. పాప పడుకుందా?"

"ఎప్పుడో."

"అయితే ఉయ్యాల ఖాళీయేగా. రాత్రికి స్వామి పటాన్ని అరలోంచి తీసి అందులో కూర్చోబెట్టు. గుళ్ళో ఊంజల్ సేవ చెయ్యరూ?"

"నువ్వూ, నీ దిక్కులూ!"

కళ్ళు తుడుచుకుని, నవ్వుతూనే పటాన్ని ఉయ్యాల్లో పెట్టింది. పాప నిద్రపోతున్న గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.