బలపపు రాయిలో రాతినార

నా వయసు నలభై ఒకటి. రాళ్లను పిండి చేసే మిల్లులో పద్నాలుగేళ్లుగా మిషను ఆపరేటరును. పేరు, చిరునామా పై కాగితంలో రాశారు. మిల్లులో అందరూ నన్ను గరాటు అంటారు, రాళ్లు పోసే గరాటు పక్కనే రోజంతా నిలబడతాను కాబట్టి. మంగళవారం నేను కావాలని మిషను ఆపి నష్టం కలిగించానని మా మేనేజరు గారు తమరికి ఫిర్యాదు ఇచ్చారు. ఆపిన మాట నిజం. ఆపింది కావాలనే. ఎందుకు ఆపానో చెబుతాను.

మా మిల్లులో ఆడించేది బలపపు రాయి. తెల్లగా ఉంటుంది, చేతికి సబ్బులా జారుతుంది. ఆ పిండి పసిపిల్లలకు అద్దే పౌడరు చేసేవాళ్లకు వెళుతుంది. లారీలో వచ్చిన రాళ్లను ముందు షెడ్డులో ఆడవాళ్లు ఏరతారు. వాళ్లలో పెద్దావిడ ఇరవై ఏడేళ్లుగా అదే పనిలో ఉంది. ఆమెను గోరక్క అంటాం. బొటనవేలి గోటితో గీరి చూడకుండా ఏ రాయినీ తట్టలో వేయదు. గోరు దిగితే బలపం. దిగకపోతే రాగి బిళ్లతో గీస్తుంది, తర్వాత ఇనుప మేకుతో. దానికీ లొంగకపోతే ఆ రాయితోనే గాజుముక్క మీద గీస్తుంది. పగిలిన పింగాణీ పెంకు కూడా ఒకటి దగ్గర పెట్టుకుంటుంది. దాని గరుకు వైపు రాయిని రుద్ది, పడిన గీత రంగు చూస్తుంది.

మంగళవారం ఉదయం ఎనిమిదింపావుకు కొత్త క్వారీ నుంచి లారీ వచ్చింది. సరుకు సాయంత్రానికల్లా పంపాలి. ఏరేంత టైము లేదని మేనేజరు గారు సగం లోడు నేరుగా గరాటులో పోయించారు, మిగతాది షెడ్డుకు వెళ్లింది. గరాటు అడుగున పాత రాయి ఇంకా ఆడుతోంది. కొత్తది దాని మీద ఉంది. తొమ్మిదిన్నరకు గోరక్క నా దగ్గరకు వచ్చింది. ఆమె షెడ్డు వదిలి మిషను దాకా రావడం ఈ పద్నాలుగేళ్లలో నేను చూడలేదు. చేతిలో అరచేతంత తెల్లరాయి ఉంది.

"తమ్ముడూ, మిషను ఆపు."

"ఏమైందక్కా?"

"ఇది మన రాయి కాదు. గోరు దిగట్లేదు."

రాయి తీసుకుని చూశాను. తెల్లగానే ఉంది. అదే మాట అన్నాను.

"తెలుపుదేముంది, ఎన్ని రాళ్లు తెల్లగా లేవు?" అంటూ మేకుతో ఒక అంచు లేపింది. బలపమైతే పొరలుగా ఊడి వేళ్ల మధ్య పిండి అయిపోతుంది. ఇది దారాలుగా ఊడింది. సన్నటి తెల్లటి దారాలు, పట్టులా మెరుస్తున్నాయి. నేను నలపబోతే అక్క నలపనివ్వలేదు. రాయి లాక్కుని తడిగుడ్డలో చుట్టేసింది.

"రాతినార ఇది, సిమెంటు రేకుల్లో కలిపే ఆస్బెస్టాసు. పిండైతే కంటికి ఆనదు. ఊపిరితో లోపలికి పోతే ఇక బయటికి రాదు."

"మేనేజరు గారికి చెప్పావా?"

"చెప్పా. తెల్లగానే ఉందిగా, పోయి పని చూసుకో అన్నారు."

మా చెల్లెలికి మూడు నెలల పాప ఉంది. స్నానమయ్యాక మెడ కింద పౌడరు అద్దగానే ఆ పిల్ల తుమ్ముతుంది. నాకు ఆ తుమ్ము గుర్తొచ్చింది. తొమ్మిదీ ముప్ఫై ఎనిమిదికి ఎర్ర బటను నొక్కాను. కరెంటు పెట్టెకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను.

రెండు నిమిషాల్లో మేనేజరు గారు వచ్చారు. "ఎవర్నడిగి ఆపావు?" అన్నారు. ఎవర్నీ అడగలేదన్నాను. అక్క పేరు చెప్పలేదు. ఆమే ముందుకొచ్చి, "నేనే ఆపమన్నాను సార్. తీసేస్తే నన్ను తీసెయ్యండి. వీడికి రాళ్ల సంగతి ఏమీ తెలీదు" అంది.

"నీ గోరు చూసి మిల్లు మూసుకోవాలా?" అన్నారాయన. ఆయన ఫిర్యాదు మీద మధ్యాహ్నం మూడింటికి తమరు వచ్చి, అక్క దాచిన రాయిని ల్యాబుకు పంపారు.

గురువారం పదకొండింటికి ఇదే గదిలో, తమరు పిలిపించిన కాలేజీ రాళ్ల పాఠం మాస్టారు, అక్కను పరీక్షించడానికి నాలుగు రాళ్లు కాగితాల్లో చుట్టి తెచ్చారు. మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది. నేను బొగ్గనుకున్నాను. అక్క పింగాణీ మీద రుద్దితే ఇటుక రంగు గీత పడింది. ఇనుపరాయి అంది. తర్వాతి రెండూ గాజులా ఒకే తీరుగా ఉన్నాయి. ఒకటి గాజును కోసింది, అది పలుగురాయి అంది. రెండోదానిలో మేకు సులువుగా దిగింది. దాని విరిగిన ముక్కలన్నీ ఒక పక్కకు ఒరిగిన పెట్టెల్లా ఉన్నాయి. సున్నపురాయి జాతి అంది. నాలుగోదాన్ని చేతిలో ఎగరేసి చూసింది, గీసింది, రుద్దింది, వాసన చూసింది. పది నిమిషాలు పట్టింది. చివరకు, "ఇది నాకు తెలీదండీ. ఇంత బరువుది నేనెప్పుడూ పట్టుకోలేదు" అంది.

మాస్టారు మూడూ సరిపోయాయన్నారు. "నాలుగోది నేనూ చేత్తో చెప్పలేనమ్మా, ల్యాబుకే పంపాను" అన్నారు. ఆ మూడింటికంటే, తెలీదన్న ఆ ఒక్క మాటకే నాకు ఆమె మీద గౌరవం ఎక్కువైంది.

శనివారం ల్యాబు కాగితం వచ్చింది. మంగళవారం లోడులో ఉన్నది రాతినారే. మేనేజరు గారు అది రెండుసార్లు చదివారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అక్క మాత్రం, "పోయిన నెల నాలుగు రోజులు జ్వరంతో రాలేదు సార్. అప్పుడు ఈ క్వారీ లారీ ఏదన్నా వచ్చిందా?" అని అడిగింది.

లారీల పుస్తకం చూశారు. ఒకటి వచ్చింది. ఆ నాలుగు రోజులూ షెడ్డులో ఏరినవాళ్లున్నారు, గీరి చూసినవాళ్లు లేరు. ఆ లోడు ఆడించింది నేనే.

ఆ లోడు పిండి అరవై బస్తాల్లో యాభై నాలుగు గోదాములోనే ఉన్నాయి. ఆరు బయటికి వెళ్లాయి. మేనేజరు గారు అన్నం కూడా తినకుండా ఫోన్లు చేశారు. సాయంత్రానికి ఐదు దొరికాయి. ఆరోది నిన్న ఆదివారం దొరికింది. ఒక్కటీ విప్పలేదు. నన్ను డాక్టరు గారు ఎక్స్‌రే తీయించుకోమన్నారు. ఇప్పటికి దగ్గు లేదు.

అనుమతి లేకుండా ఎందుకు ఆపావని తమరు అడిగారు. రాయి అర్థమై ఆపలేదు. ఇరవై ఏడేళ్లు ఒక్క రాయినీ చూడకుండా వదలని మనిషి పని వదిలి నడిచొచ్చింది కాబట్టి ఆపాను. ఆమె మళ్లీ చెబితే మళ్లీ ఆపుతాను.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. ఎవరి భయంతోనూ, ఎవరి మొహమాటంతోనూ చెప్పలేదు. జరిగింది ఇదే. పోయిన నెల లోడు ఆడించింది నేనే అన్న మాట రాసేటప్పుడు వదిలేశారు. అది అడిగి చేర్పించాను. చేర్చిన చోట ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు సంతకాలు చేస్తున్నాను.

(సంతకం)
సోమవారం, ఉదయం 10.40