అద్దాల బీరువాలో డ్రమ్ము

పాత వాద్యాలు సేకరించే ఆయనకు గుండెల్లో రాయి పడింది. అయిదేళ్ల కిందట తనకు ఇత్తడి స్నేర్ డ్రమ్ము అమ్మిన పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

“మా ఆయన డ్రమ్మును ఓసారి చూసిపోదామని వచ్చాను బాబూ.”

“రండమ్మా. కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. ఇలాంటిది ఇంకోటి దొరకదు. తిరిగి కావాలా?”

“నాకెందుకయ్యా? మోత ఎలా ఉంది?”

“ఎప్పుడూ కొట్టలేదండీ. పాత తోలు, చిరుగుతుందని భయం.”

“అయిదేళ్లూ దాని నోరు నొక్కేశావన్నమాట! ఏదీ, కొట్టు.”

ఆయన బీరువాలోంచి డ్రమ్ము తీసి, పుల్లతో మెల్లగా తట్టాడు. డ్రమ్ము అడుగున బిగించిన తీగలు గరగరలాడాయి.

“తలుపు తడుతున్నావా? గట్టిగా!”

ఈసారి బలంగా వాయించాడు. గది దద్దరిల్లింది. తోలు చెక్కుచెదరలేదు. ఆవిడ కళ్లు మూసుకుని నవ్వింది.

“అదీ! ఆదివారాలు మా ఇంట్లో ఇలాగే తెల్లారేవి. ఆపకు బాబూ.”