ముందు బరువు చెప్పే ప్రేమలత గారు

1990 సెప్టెంబరు మూడవ తేదీ ఉదయం సంగారెడ్డిలో నియామక పత్రం అందుకొని, ఆ సాయంత్రానికే ఒక మారుమూల పల్లె ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి ప్రేమలత గారు, ముప్పై అయిదు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

కాన్పు గది బయట నిలబడ్డవారు "ఏం పుట్టింది" అని అడిగితే ప్రేమలత గారు ఆడో మగో చెప్పరు. ముందు బరువు చెబుతారు. కొత్తగా చేరిన మాకందరికీ అది చాదస్తంగానే తోచేది. దాని మూలం వారి ఉద్యోగపు రెండవ ఏట ఉన్నది. ఒక ఇంట ఆడశిశువు నానాటికీ చిక్కిపోతుంటే, "ఆడపిల్ల గదా, గట్లనే సన్నగుంటది" అన్న పెద్దల మాట నమ్మి, రిజిస్టరులో 'పుట్టుకతో బలహీనం' అని రాశారు. పదిహేనవ రోజున, పేరైనా పెట్టకముందే, ఆ పాప కన్నుమూసింది. తల్లిని పాలివ్వనీయలేదన్న సంగతి ఆ తరువాత బయటపడింది. ఆ పేజీ గురించి వారు మాకు ఒక్కసారే చెప్పారు. ఆనాటి నుండి, పసిబిడ్డను వేలాడదీసి తూచే తూకం సంచీ లేకుండా ఏ ఇంటి గడపా తొక్కలేదు.

1998లో పాశమైలారం పారిశ్రామిక ప్రాంతానికి బదిలీపై వచ్చిన వారు, షిఫ్టు బస్సుల వేళలను బట్టి టీకాల వేళలను మార్చుకొని, ఒడిశా, బీహారు కూలీల గదుల్లోనూ పిల్లల బాగోగులు అడగడానికి కావలసినంత హిందీ నేర్చుకొని, అందరికీ ఆప్తులయ్యారు.

2004లో, బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో పనిచేసే కామరాజు భార్య సుగుణకు రెండవ కాన్పు అయింది.

"ఏం పుట్టింది మేడం?" అని కామరాజు అడిగాడు.

"రెండు కిలోల ఎనిమిది వందలు."

"అది కాదు మేడం..."

"గదే ముందు. మిగిలింది నీ చేతిల పెట్టినంక చూస్కో."

చేతిలో పెట్టింది రెండవ కూతురిని. మూడవ వారం ప్రేమలత గారు వారి దర్వాజకు తూకం సంచీ వేలాడదీసి చూస్తే, ముల్లు రెండు కిలోల నాలుగు వందల దగ్గరే ఆగింది.

"ఆడపిల్ల గదా సిస్టరమ్మా, గట్లనే సన్నగుంటది," అన్నది కామరాజు తల్లి ముత్యమ్మ.

అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ప్రేమలత గారు లోపలికి వెళ్లి సుగుణ పక్కన కూర్చున్నారు.

"పాలు మానిపిస్తే జల్దీ ఇంకో కడుపు నిలుస్తదట మేడం, మొగపిల్లగాని కోసం," అని సుగుణ గొంతు తగ్గించి చెప్పింది. "చక్కెర నీళ్లే తాపుతున్నరు."

బయటికి వచ్చిన ప్రేమలత గారు కొట్టంలోని బర్రె వైపు చూశారు.

"పెద్దమ్మా, బర్రె పెయ్యదూడను ఈనిందని వాడకట్టంత జున్ను పంచినవు గదా. గా పెయ్య గిట్ల చిక్కిపోతే ఊకుంటవా?"

"గొడ్డు సంగతి వేరే సిస్టరమ్మా."

"అవు, వేరే. గొడ్డు చస్తే పోలీసులు రారు."

ఆ గడియనే తల్లీబిడ్డలను ఆటోలో కూర్చోబెట్టుకొని సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయి, ఆరు రోజులు ఆ మంచం పక్కనే గడిపిన ప్రేమలత గారు, తిరిగి వచ్చాక ముత్యమ్మకు ఒక పని పెట్టారు. ప్రతి సోమవారం పాపను ఆమే ఉపకేంద్రానికి ఎత్తుకు రావాలి. అందరిముందు ముల్లు చూసి ఆమే బరువు చదవాలి. మొదటి సోమవారం మొహం తిప్పుకొని వచ్చిన ఆ ముత్యమ్మే, నాలుగవ సోమవారం ముల్లు మూడు కిలోలు దాటగానే, "నేను పక్కన కూసొని తాపిచ్చిన. ఊకెనే పెరిగిందా?" అని తోటివారిని గదమాయించింది. ఆ పాపకు తనుశ్రీ అని పేరు పెట్టారు.

2015లో పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన తరువాత కూడా వారు చిక్కిపోతున్న ఆడపిల్లల ఇళ్లకు స్వయంగానే వెళ్లేవారు. అలాంటి ఇళ్లు ఇప్పటికీ పూర్తిగా లేకుండా పోలేదు; ఏటేటా తగ్గుతున్నాయి.

పోయిన నెల మా కేంద్రంలోనే తనుశ్రీకి తొలి కాన్పు అయింది. బయట కర్ర పట్టుకొని నిలబడ్డ ముత్యమ్మ, తలుపు తెరుచుకోగానే ఒక్కటే అడిగింది.

"బరువెంత, సిస్టరమ్మా?"

ప్రేమలత గారు తలుపు దాటి వచ్చి ముత్యమ్మ చేయి పట్టుకున్నారు.

"మూడు కిలోల వంద, పెద్దమ్మా."

"ఇగ పరేషాన్ లేదు," అని ముత్యమ్మ బెంచీ మీద కూలబడింది. ఆమె పక్కనే ప్రేమలత గారూ కూర్చున్నారు. ఇద్దరూ చాయ్ తాగేదాకా రెండో ప్రశ్న రాలేదు. పుట్టింది పాపో బాబో ఈ వ్యాసంలో రాయవద్దని వారే షరతు పెట్టారు గనుక, ఇక్కడా రాయడం లేదు.

ఇన్నాళ్లూ ఊరి బిడ్డల బరువు చూసుకున్న ప్రేమలత గారు ఇకనైనా తమ ఆరోగ్యం చూసుకొని, కంటి నిండా నిద్రపోయి, ఇప్పుడు పుట్టిన ఈ పసికందు పెళ్లి భోజనాల దాకా మన మధ్య హాయిగా తిరుగుతూ ఉండాలని మా సిబ్బంది అందరమూ మనసారా కోరుకుంటున్నాం.