నేను తాగని సిగరెట్లు

హలో… నేనే రా, అన్నయ్యని.

లేదు, ఇంకా కాలేదు. రేపు పొద్దున మొట్టమొదటి ఆపరేషన్ నాదే… ఆ, కుడి ఊపిరితిత్తి. గడ్డలున్నంత మేర తీసేస్తారట. ఎడమది తర్వాతెప్పుడో… బాగానే ఉన్నా. గొట్టంతో గాలి పీలిస్తే డబ్బాలో బంతులు పైకి లేవాలి. చిన్నపిల్లాడిలా అదే పనిగా ఆడుతున్నా.

ఏంటా చప్పుడు?… రంపం మిషనా. కాస్త పక్కకి రా, మాట్లాడాలి… ఓనర్ ఎదురుగా ఉన్నాడా. సరే, అక్కడే ఉండి విను.

అమ్మ ఎలా ఉంది?… సిగరెట్ల కోసం నీ జేబులు వెతుకుతోందా! నీ జేబుల్లో ఏం దొరుకుతాయిరా, మేకులు తప్ప… నవ్వకు. అదంతా నా పుణ్యమే, నాకు తెలుసు.

ఆ సంగతే చెప్దామని చేశా. ఒరేయ్… నేను సిగరెట్లు తాగలేదు.

…మానేయడం కాదు. అసలెప్పుడూ తాగలేదు… ఎవరు చెప్పారంటే? నేనే చెప్పా. మీ అందరికీ నేనే చెప్పా.

…పిచ్చి కాదురా. ఊపిరితిత్తుల్లో అనగానే "సిగరెట్లా?" అని వాళ్లే అడుగుతారు. అవునంటే నాలుగు తిట్టి ఊరుకుంటారు, ఇంకేం అడగరు. ఇక్కడ పక్క మంచం పెద్దాయన నన్ను తన జట్టులో కలిపేసుకుని, ఏ బ్రాండు బాబూ అన్నాడు. నోటికొచ్చింది చెప్పా.

…ఉండు, చెప్తున్నా కదా. ఇది ఊపిరితిత్తుల్లో పుట్టింది కాదు. వేరే చోట పుట్టి పైకి పాకింది… కడుపులో కాదు. ఇంకా కింద.

…కాలేంట్రా! కాలు కాదు.

పోయిన ఏడాది హెర్నియా ఆపరేషన్ అన్నాను చూడు… అది హెర్నియా కాదు. ఒకటి తీసేశారు… ఒకటి రా. రెండింట్లో ఒకటి… వినపడలేదా? గట్టిగా ఎలా చెప్పను, నర్సమ్మ ఇక్కడే ఉంది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు కూర్చున్నారు.

మీ వదినకి తెలుసు. తనొక్కదానికే. మందులకి కిందకెళ్లింది. నేనొచ్చేలోపు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అని మరీ వెళ్లింది. తన చేత చెప్పించి, తర్వాత నీకు మొహం ఎలా చూపించను?

…పెట్టేయకు! రేపు మాట్లాడుకుందామంటే కుదరదు. ఇందాక పెద్ద డాక్టరు వచ్చాడు. అన్నదమ్ములున్నారా అన్నాడు. ఒక తమ్ముడున్నాడన్నా. అతనికి పరీక్ష చేయించారా అన్నాడు. వాడికి నేనసలు చెప్పనే లేదన్నా… తలెత్తలేకపోయానురా. అన్నకొస్తే తమ్ముడికొచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువట. నువ్వేమో సిగరెట్ ముట్టను, నాకేం రాదని ధీమాగా తిరుగుతున్నావు. ఆ ధీమా నేనిచ్చిందే.

…ఎక్కడా? చెప్పా కదా… హలో? హలో… ఆ రంపం ఆపమను… అయ్యో, వినపడదా —

బీజంలో! బీజంలో క్యాన్సర్ రా! వృషణం! నాకొకటి తీసేశారు! నువ్వెళ్లి చూపించుకో!

…

ఏం లేదు. వార్డంతా ఇటే చూస్తోంది… నర్సమ్మ కూడా. పక్క మంచం పెద్దాయన మాత్రం గోడకేసి తిరిగాడు, నాకంటే ఆయనకే సిగ్గుగా ఉన్నట్టుంది. నా చెవులు కాలిపోతున్నాయిరా.

హలో… ఉన్నావా? చప్పుడు ఆగిపోయిందే… నువ్వే ఆపావా?

తిట్టు, పర్లేదు.

…ఏంటీ? …ఇప్పుడు నువ్వు గుసగుసలాడుతున్నావేం?

…ఎప్పటినుంచి?

…నొప్పి లేదా. నాకూ లేదురా. చేతికి గడ్డలా గట్టిగా తగిలేది, అంతే.

…హెర్నియా అనుకున్నావా. అన్నయ్యకొచ్చిందే నాకూ వచ్చింది, తొందరేముందిలే అనుకున్నావా… అవునురా. నేను చెప్పిందే కదా మరి.

…ఏడవకు. ఒరేయ్, విను. అదేనో కాదో డాక్టర్లు చూస్తేగానీ తెలియదు. అదే అయినా, ముందే చూపించుకుంటే చాలామందికి నయమైపోతుందట. నేను బట్ట విప్పడానికి సిగ్గుపడి పైదాకా తెచ్చుకున్నా. నువ్వు తెచ్చుకోకు. ఇప్పుడే బయల్దేరి ఇక్కడికి వచ్చెయ్… ఆలోచించకు, చేతులు కడుక్కుని వచ్చెయ్.

…ఓనర్‌కా? ఉన్నదున్నట్టు చెప్పు…

…చెప్పలేవు. ఆ. నాకు తెలుసు, నీ నోట రాదు.

ఫోన్ ఆయనకివ్వు. ఇవ్వరా, నేను చెప్తా… పర్లేదు, ఇక్కడ అందరూ వినేశారుగా.

నమస్తే అండీ. నేనే, వీడి అన్నయ్యని… అవునండీ, రేపే… లేదండీ, సిగరెట్లు కాదు. అవి నేనెప్పుడూ తాగలేదు. బీజంలో… ఆ, మీరు సరిగ్గానే విన్నారు. మా తమ్ముడికి కూడా పరీక్ష చేయించాలి. వాణ్ని ఇప్పుడే పంపించండి…

ఉంటానండీ.