నల్లటేపు చుట్టిన కేబుల్

1991 జులై ఎనిమిదవ తేదీన, బిలోలి వైపు తెలుగు సరిహద్దు గ్రామం నుండి నాందేడ్‌కు వచ్చి, మన మట్టి పరీక్షా కేంద్రంలో సహాయకునిగా చేరిన శ్రీ సంగన్న గారు, ముప్ఫై నాలుగేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ‘నిష్కళంక’ అన్న మాట తెలిసే రాశాను; వారి సేవా పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క మచ్చ నేను పెట్టినదే. ఈ వీడ్కోలు సంచికలో తక్కినవన్నీ మరాఠీ వ్యాసాలు. వారి సతీమణి ముత్తెమ్మ గారికి ఇంట్లో చదివి వినిపించాలని దీన్ని తెలుగులో రాస్తున్నాను.

కూలి పని చేసుకునే కుటుంబంలో జన్మించి, తొలి సంవత్సరాల్లో రైతులు తెచ్చిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, డబ్బాలకు చీటీలు అతికించిన సంగన్న గారు, 1998లో కేంద్రానికి కంప్యూటర్ రాగానే దాని లోగుట్టును చూసి చూసి నేర్చుకున్నారు. 2009లో భాస్వరం కొలిచే కొత్త యంత్రం వచ్చినప్పుడు, దాన్ని కంప్యూటర్‌కు కలపడానికి బజారులో కొన్న సీరియల్ కేబుల్ రెండింటికీ అమరింది గానీ తెర మీదికి ఒక్క అంకె రాలేదు. వారు కేబుల్‌ను కోసి, లోపలి రెండు తీగలను ఒకదాని చోట మరొకటి వచ్చేలా అతికించి, నల్లటేపు చుట్టారు. అంకెలు బారులు తీరాయి.

2012లో తనిఖీ ఉందంటే, ఆ టేపు నా కంటికి అసహ్యంగా తోచి, నేనే ఆ కేబుల్‌ను చెత్తబుట్టలో పడేసి కొత్త కేబుల్ తగిలించాను. అధికారుల ముందు కంప్యూటర్ మూగబోయింది. పరువు పోయిందన్న ఉక్రోషంతో, నిర్లక్ష్యం వహించారంటూ సంగన్న గారికి మెమో ఇచ్చాను. వారు సంతకం పెట్టారు. అధికారులు వెళ్లాక, బుట్టలోంచి పాత కేబుల్ తీసి, దులిపి, తగిలించారు.

“కొత్తదానికి ఏం రోగం, సంగన్నా?”

“గది సక్కగనే ఉన్నది మేడం. దాండ్ల తీగలు అటుదిటు మార్సలే. మిషిన్ పంపేది కంప్యూటర్‌కు అందాలె గద!”

“మరి అప్పుడే చెప్పొద్దా?”

“కేబుల్ మీరే మార్సిన్రని గంత మంది ముంగట ఎట్ల జెప్పాలె మేడం?”

తప్పు నాదని ఆ సాయంత్రమే తెలిసింది. అయినా మెమో వెనక్కు తీసుకోలేదు. తీసుకుంటే నలుగురిలో చులకనవుతానని వెనుకాడాను. ఆ కాగితం వల్ల వారికి రావలసిన టెక్నీషియన్ పదోన్నతి తప్పిపోయింది. సహాయకునిగా చేరినవారు సహాయకునిగానే వెళుతున్నారు. యంత్రమూ కంప్యూటరూ మాత్రం నేటికీ ఆ కేబుల్ మీదే నడుస్తున్నాయి.

నిన్న, పదమూడేళ్ల తర్వాత, ఆ మెమోను రద్దు చేశాను. సంగతి చెబితే, “గది నేనెప్పుడో మర్సిపోయిన మేడం” అన్నారు. ఉత్తర్వులో రాయడానికి మెమో తేదీ నాకు గుర్తురాలేదు. ఫైళ్లు వెతుకుతుంటే, “ఆగస్టు పదహారు” అని వారే అందించారు.

ఆ తేదీ నిజంగానే మరుపున పడేటంత కాలం, ఆయురారోగ్యాలతో, ముత్తెమ్మ గారి తోడుతో, సంగన్న గారు చల్లగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.

– వనమాల, ప్రయోగశాల అధిపతి